కోనాలో రాత్రిపూట మాంటా రేలు: పైన తేలాలా, కింద కూర్చోవాలా, ఒడ్డునే ఉండాలా

హవాయిలో బిగ్ ఐలాండ్‌కి వెళ్తున్నాం అని చెప్పేవాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి లావా కనిపిస్తుందా అని, రెండోది ఆ దీవి పడమటి తీరంలో ఉన్న కోనాలో రాత్రిపూట మాంటా రేల (దుప్పటిలా వెడల్పుగా ఉండే పెద్ద సముద్రపు చేపలు) టూర్ ఏది తీసుకోవాలి అని. రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకే రకంగా వస్తుంది, "స్నార్కెలా డైవా, ఏదో ఒకటి చెప్పు, నలుగురికీ బుక్ చేసి పడేస్తాం" అని. స్నార్కెల్ అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల పైన తేలుతూ చూడటం, డైవ్ అంటే గాలి సిలిండర్ తగిలించుకుని అడుక్కి దిగడం. ఆ "నలుగురికీ" దగ్గరే నేను ఆపుతా. ఎందుకంటే మొదటిసారి మేం చేసింది కూడా అదే, నలుగురికీ ఒకే టికెట్, ఒకే బోటు, పైగా డిసెంబర్ నెల. నేను బ్రహ్మాండంగా ఎంజాయ్ చేశా, మా ఆవిడ బోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకుంది, మా బావమరిది నీళ్లలో దిగిన రెండో నిమిషానికే పైకొచ్చేశాడు, మా అత్తయ్య గారు అసలు దిగనే లేదు. డబ్బులు మాత్రం నలుగురికీ పోయాయి.

తర్వాత ఇంకోసారి సెప్టెంబర్‌లో వెళ్లినప్పుడు మనిషికో రకంగా విడగొట్టాం, నలుగురూ మాంటాల్ని చూశారు. అందుకే ఇది స్నార్కెల్ గొప్పా డైవ్ గొప్పా అనే పంచాయితీ కాదు, మీలో ఎవరికి ఏది సరిపోతుంది అన్న లెక్క.

ముందు అసలు అక్కడ జరిగేదేంటో తెలిస్తే మిగతాదంతా ఈజీ. వానాకాలం సాయంత్రం ట్యూబ్‌లైట్ వేయగానే ఉసిళ్లు ఎలా మూగుతాయో చూశారుగా, ఆ ఉసిళ్ల కోసం గోడ మీద బల్లి ఎలా కాచుకుని కూర్చుంటుందో అది కూడా చూశారుగా. సేమ్ అదే. సముద్రంలోకి లైటు వేస్తే ప్లాంక్టన్ అనే కంటికి ఆనీ ఆనని పురుగుల్లాంటివి లైటు దగ్గరకి చేరతాయి, వాటిని తినడానికి మాంటాలు వస్తాయి. టూర్ వాళ్లు మాంటాలకి తిండి పెట్టరు, లైటు మాత్రం వేస్తారు. ఇదంతా ఎవరో కూర్చుని ప్లాన్ చేసింది కూడా కాదు, 1970ల్లో కోనాకి దక్షిణాన కెయౌహో దగ్గర కోనా సర్ఫ్ అనే హోటల్ ఉండేది, వాళ్లు రాత్రిపూట అలలు అందంగా కనిపిస్తాయని సముద్రం మీదకి పెద్ద లైట్లు వేశారు, దాంతో ప్లాంక్టన్, దాని వెనకే మాంటాలు. ఆ హోటల్ 2000లో మూతపడింది, తర్వాత వేరే పేర్లతో మళ్లీ తెరుచుకుంది, ఇప్పుడు ఔట్‌రిగ్గర్ అంటున్నారు. హోటల్ పేరు మారినా మాంటాలు మాత్రం అడ్రస్ మర్చిపోలేదు.

ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందు ఈ భయం తీర్చండి. మాంటా అనగానే చాలామందికి 2006లో స్టీవ్ ఇర్విన్‌ని చంపింది ఇదే కదా అని గుర్తొస్తుంది. కాదు, అది స్టింగ్‌రే, దానికి తోక దగ్గర ముల్లు ఉంటుంది. మాంటాకి ముల్లు లేదు, కొరకడానికి పనికొచ్చే పళ్లూ లేవు, తల పక్కనున్న రెండు రెక్కలని గరాటులా చాపి నీళ్లని నోట్లోకి తోసుకుని మొప్పలతో వడపోసుకుని తింటుంది అంతే. కోనాలో వచ్చేవి ఎక్కువగా రీఫ్ మాంటాలు అనే రకం, రెక్క చివర నుంచి రెక్క చివరకి మామూలుగా మూడు నాలుగు మీటర్లు ఉంటాయి. అంటే మన డబుల్ కాట్ మంచాలు రెండు పక్కపక్కన వేసినంత వెడల్పు, అది తలకిందులుగా గిరికీలు కొడుతూ మన మీదకి వస్తుంది. ముల్లు లేదని తెలిసినా గుండె ఝల్లుమనకుండా ఉండదు, అది వేరే విషయం.

స్నార్కెల్ సంగతి చూద్దాం. ఇక్కడ మీరు ఈదేది చాలా తక్కువ. బోటు ఆగిన చోట సర్ఫ్‌బోర్డు లాంటి పెద్ద బోర్డు నీళ్లలోకి దించుతారు, దాని అడుగున లైట్లు కిందకి కొడుతూ ఉంటాయి, చుట్టూ పట్టుకోవడానికి పైపులో తాళ్లో ఉంటాయి. ఆ పైపు పట్టుకుని బోర్లా తేలడమే మీ పని. కాళ్లు కిందకి జారకుండా చీలమండల కింద ఫోమ్ నూడిల్ (నీళ్లలో తేలే పొడుగాటి ఫోమ్ కడ్డీ) పెడతారు, ఎందుకంటే కాళ్లు వేలాడితే కింద నుంచి వచ్చే మాంటాకి తగులుతాయి. నీళ్లలో ఉండేది అరగంట నుంచి ముప్పావుగంట దాకా. డైవ్ సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు.

ఆ బోర్డు పట్టుకుని ఉన్నప్పుడు ఎలా ఉంటుందంటే, మొదటి పది నిమిషాలు కింద ఆకుపచ్చ నీలం కలిసిన వెలుగులో దుమ్ము తేలుతున్నట్టు ప్లాంక్టన్ తప్ప ఇంకేం కనపడలేదు, డబ్బులు దండగ అనుకుంటున్నా. అంతలో చీకట్లోంచి ముందు తెల్లటి నోరొకటి తెరుచుకుని పైకొచ్చింది, నోరంటే మామూలు నోరు కాదు, లోపల మొప్పల చారలు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి, నా మాస్క్‌కి జానెడు దూరంలో అలా వెనక్కి తిరిగిపోయింది. పొట్ట మొత్తం నా ముఖం ముందు నుంచి సినిమా రీలులా జారింది, తెలుపు మీద నల్లటి మచ్చలు, ఒకచోట చిన్న గాటు. తాకలేదు, కానీ అది తోసిన నీళ్లు మాత్రం చెంపలకి తగిలాయి. పక్కన ఎవరో నోట్లో ఉన్న గొట్టంలోంచే కేక పెట్టారు. అది నేనేనని మా ఆవిడ అంటుంది.

ఆ మచ్చలకి ఓ కథ ఉంది. ఒక్కో మాంటాకి పొట్ట మీద మచ్చలు ఒక్కో రకంగా ఉంటాయి, మన వేలిముద్రల్లాగా. వాటిని ఫొటోలు తీసి పేర్లు పెట్టి లిస్టు తయారుచేశారు, కోనా తీరంలో ఇప్పటికి 300కి పైగా గుర్తించారు. అందులో లెఫ్టీ అని ఒక ఆడ మాంటా ఉంది, తల పక్కన ఎడమ రెక్క దెబ్బతిని ముడుచుకుపోయి ఉంటుంది, 1979 నుంచి దాన్ని చూసిన రికార్డు ఉంది. గైడ్లు నీళ్లలోనే "అదిగో ఫలానా" అని పేరు పెట్టి పిలుస్తారు, మొదట్లో బిల్డప్ అనుకున్నా కానీ పైకొచ్చాక పాత ఫొటో తీసి మచ్చలు పోల్చి చూపించేసరికి నోరు మూసుకున్నా.

ఇక స్నార్కెల్‌లో కష్టం ఏంటో ఎవరూ సరిగ్గా చెప్పరు. అది ఈత కాదు, భయం కూడా కాదు, కడుపు. పైన తేలుతున్నప్పుడు ప్రతి చిన్న అలకీ మీరూ బోర్డూ కలిసి పైకీ కిందకీ ఊగుతుంటారు, చీకట్లో దూరంగా చూపు నిలబెట్టుకోవడానికి ఏ గీతా కనపడదు, కిందేమో లైట్లు కదులుతుంటాయి. బోటులో బాగానే ఉన్నవాళ్లకి కూడా నీళ్లలో దిగాక కడుపులో తిప్పుతుంది. బయల్దేరడానికి గంట ముందే మాత్ర వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. మెక్లిజిన్ లాంటివి మెడికల్ షాపులో ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతాయి, కానీ బీపీ గుండె మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. సాయంత్రం ఫుల్లుగా తినేసి వెళ్లకండి, అలాగని ఖాళీ కడుపుతో కూడా వద్దు.

మొదటిసారి మేమెక్కిన బోటు వాళ్లు ఒక బోర్డుకి పదిమంది పైనే కుక్కారు. నా మోచేయి పక్కాయన పక్కటెముకల్లో, ఆయన ఫిన్ (కాలికి తొడిగే రబ్బరు రెక్క) నా మోకాలి మీద. పేరెందుకులెండి, కానీ అప్పటి నుంచి ఎవరికి చెప్పినా బుక్ చేసే ముందు అడగమనే ఒక్క ప్రశ్న, "ఒక బోర్డుకి ఎంతమంది, నీళ్లలో గైడ్లు ఎంతమంది". రేటు కంటే ఇది ముఖ్యం. సరిగ్గా జవాబు చెప్పకుండా "మా దగ్గర మాంటాలు గ్యారెంటీ అండీ" అంటే ఫోన్ పెట్టేయండి.

డైవ్ దగ్గరికొద్దాం, నాకు పర్సనల్‌గా ఎక్కువ నచ్చింది ఇదే, కానీ అందరికీ చెప్పను. మామూలుగా రెండు ట్యాంకుల ట్రిప్, అంటే రెండుసార్లు దిగే ట్రిప్ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక బయల్దేరి వెలుతురు ఉండగానే మొదటి డైవ్, అందులో ఇసుకలోంచి గడ్డి పరకల్లా నిలబడి ఊగే గార్డెన్ ఈల్స్ అనే పాముల్లాంటి చేపలు, రీఫ్ చేపలు చూపిస్తారు, పైకొచ్చి స్నాక్స్ తింటూ సూర్యాస్తమయం చూసి, చీకటి పడ్డాక రెండో డైవ్. రెండోదాంట్లో మీరు తిరిగేదేం ఉండదు, 10, 12 మీటర్ల లోతులో అడుగున లైట్లు పెట్టిన డబ్బా చుట్టూ అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు, దాన్ని అక్కడ క్యాంప్‌ఫైర్ అంటారు. చేతిలో టార్చి ఇస్తారు, అది పైకి పట్టుకోవాలి. పై నుంచి స్నార్కెల్ బోర్డుల లైట్లు కిందకి, కింద నుంచి మీ లైట్లు పైకి, మధ్యలో ప్లాంక్టన్ స్తంభంలా నిలబడుతుంది, అందులో మాంటాలు గిరికీలు. అంటే డైవర్లు, స్నార్కెల్ వాళ్లు పోటీ కాదు, ఒకళ్ల లైటు ఇంకొకళ్లకి పనికొస్తుంది.

రెండింటికీ తేడా చెప్పాలంటే, స్నార్కెల్ అంటే గర్భగుడి గడప దగ్గర దర్శనం లాంటిది, దేవుడు ఎదురుగానే ఉంటాడు కానీ కనిపించేది ముఖం ఒక్కటే. డైవ్ అంటే మండపంలో తాపీగా కూర్చుని ఊరేగింపు మొత్తం చూడటం. కింద నుంచి చూస్తే ఒకేసారి నాలుగైదు మాంటాలు ఒకదాని కింద ఒకటి దూరుతూ, గుద్దుకోబోయి ఆఖరి క్షణంలో వంగి తప్పుకుంటూ పోవడం కనిపిస్తుంది, ఒక్కోసారి ఒకటి మీ తల మీదుగా ఎంత దగ్గరగా పోతుందంటే మీరే తల వంచుతారు. అల ఊపు కింద తక్కువ కాబట్టి కడుపు కూడా కాస్త నయం. మా ఆవిడకి ఇది తెలిసుంటే ముందే డైవ్ నేర్చుకునేదట, నన్నే తిట్టింది ఎందుకు చెప్పలేదని.

కానీ షరతులున్నాయి. ఓపెన్ వాటర్ కార్డు, అంటే డైవింగ్ కోర్సు పాసైనట్టు ఇచ్చే కార్డు ఉండాలి, చాలామంది ఆపరేటర్లు అది లేకుండా రాత్రి డైవ్‌కి తీసుకెళ్లరు, తీసుకెళ్తామన్నా నేనైతే వద్దంటా. కార్డు ఉన్నా డైవ్ చేసి రెండు మూడేళ్లయింది అంటే ముందు పగలు ఒక రిఫ్రెషర్ డైవ్ చేయండి. చీకట్లో మాస్క్‌లోకి నీళ్లొస్తే ఏం చేయాలో చేతికి దానంతటదే గుర్తు రావాలి, అక్కడ కూర్చుని ఆలోచించే టైముండదు. అడుగున కదలకుండా ఉండటానికి మామూలు కంటే కాస్త బరువు ఎక్కువ ఇస్తారు, రాళ్ల సందుల్లో ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్లుంటాయి, ఎక్కడ పడితే అక్కడ చెయ్యి పెట్టకండి. ఓ పెద్ద బుడగల మేఘం వదిలి మాంటా దారికి అడ్డం రాకండి, ఎగిరి దాని దగ్గరకి వెళ్లాలని అస్సలు చూడకండి, మీరు ఎంత కుదురుగా ఉంటే అది అంత దగ్గరకొస్తుంది.

ఇప్పుడు చాలామంది బోల్తా పడే విషయం. డైవ్ అయ్యాక ఎత్తు ప్రదేశాలకి వెళ్లకూడదు, విమానం ఎక్కడం ఒక్కటే కాదు. నీళ్లలో ఒత్తిడికి ఒంట్లో నైట్రోజన్ కరుగుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి, తొందరపడి ఎత్తుకి పోతే గోలీసోడా గోలీ నొక్కినట్టు బుడగలు కట్టేస్తుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దని డైవింగ్ వాళ్ల రూలు. బిగ్ ఐలాండ్‌లో ఇంకో తిరకాసు ఉంది, మౌనా కేయా కొండ శిఖరం 4,200 మీటర్లు, కారులో బీచ్ నుంచి రెండు మూడు గంటల్లో పైకెళ్లిపోవచ్చు, నక్షత్రాలు చూడటానికి అందరూ వెళ్లేది దానికే. డైవ్ తర్వాత 24 గంటలు దాని జోలికి పోవద్దు. మధ్యలో విజిటర్ సెంటర్ దాకానే వెళ్తాం అంటారు, అది కూడా 2,800 మీటర్ల ఎత్తు.

అంతకంటే ఎవరూ పట్టించుకోనిది దీవికి తూర్పు తీరంలో ఉన్న హీలో ఊరి సంగతి. రూమ్ హీలోలో తీసుకుని డైవ్‌కి కోనా వచ్చి రాత్రికి రాత్రి కారులో వెనక్కి పోదాం అనుకునేవాళ్లు ఉంటారు. దీవి మధ్యలోంచి పోయే శాడిల్ రోడ్డు రెండు వేల మీటర్లకి పైగా ఎక్కి దిగుతుంది, దక్షిణాన కిలౌయా అగ్నిపర్వతం వైపు తిరిగి పోయినా 1,200 మీటర్లు, ఉత్తరాన వైమేయా ఊరి మీదుగా వెళ్లినా 800 మీటర్లు. ఏ రూట్లో పోయినా కొండ ఎక్కాల్సిందే. అందుకని డైవ్ చేసేవాళ్లు ఆ రాత్రి కోనా వైపే పడుకోండి. స్నార్కెల్‌కి ఈ గొడవేం లేదు, పైన గాలి పీల్చుకుంటూ తేలుతారు కాబట్టి పొద్దున్నే ఫ్లైట్ ఎక్కినా, కొండెక్కినా మీ ఇష్టం. నాలుగు రోజుల ట్రిప్‌లో కొండలూ లావా అన్నీ కవర్ చేయాలి అనుకుంటే ఈ ఒక్క కారణం చాలు స్నార్కెల్ తీసుకోడానికి, కార్డు జేబులో ఉన్నా సరే.

ఎక్కడికి వెళ్లాలి అనేది తర్వాతి ప్రశ్న. ముఖ్యంగా రెండు చోట్లు. ఒకటి ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉన్న మకాకో బే, డైవర్లు గార్డెన్ ఈల్ కోవ్ అంటారు. రెండోది కెయౌహో దగ్గర, ఇందాక చెప్పిన హోటల్ ముందు, దీన్ని మాంటా విలేజ్ అంటారు. గార్డెన్ ఈల్ కోవ్‌కి బోట్లు ఎక్కువగా హొనొకొహౌ హార్బర్ నుంచి వెళ్తాయి, 20 నిమిషాలు అటూ ఇటూ. మాంటాలు ఎక్కువ సంఖ్యలో కనిపించేది ఎక్కువగా ఇక్కడే, డైవర్లకి అడుగు కూడా బాగుంటుంది కాబట్టి డైవ్ బోట్లు చాలావరకు ఇక్కడికే వస్తాయి. కానీ జనం కూడా అంతే, సీజన్‌లో వెళ్తే నీళ్ల మీద తిరునాళ్ల లాగా లైట్లు, ఇంజన్ల మోత, పొగ వాసన. పైన విమానాలు దిగుతుంటాయి, కింద మాంటాలు ఎగురుతుంటాయి.

కెయౌహోలో అయితే రేవు నుంచి స్పాట్ ఐదు నిమిషాలు కూడా ఉండదు. బోటు ప్రయాణం పడని వాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు, పిల్లలున్నవాళ్లకి కూడా, మధ్యలో ఎవరైనా "ఇంక నా వల్ల కాదు" అన్నా ఒడ్డు కళ్ల ముందే ఉంటుంది. మాంటాల సంఖ్య మాత్రం గార్డెన్ ఈల్ కోవ్ కంటే తక్కువ ఉండొచ్చు, కొన్ని రాత్రులు ఒకటి రెండే. నన్నడిగితే స్నార్కెల్ వాళ్లకి ఒక్కటి చాలు, అది మీ బోర్డు కిందే ముప్పావుగంట తిరిగితే పది వచ్చినంత పెట్టు. డైవర్లకి మాత్రం గార్డెన్ ఈల్ కోవే. ఉత్తరాన కోహాలా తీరం రిసార్టుల వైపు ఉండేవాళ్లకి అటు నుంచి కూడా స్నార్కెల్ టూర్లున్నాయి, గంట డ్రైవ్ మిగులుతుంది, జనం తక్కువ.

సీజన్‌ని బట్టి ఇదంతా తారుమారవుతుంది. మాంటాలు ఏడాది పొడవునా ఉంటాయి, ఇక్కడి నుంచి వలస వెళ్లవు, కాబట్టి ఏ నెల మంచిది అనేది మాంటాల ప్రశ్న కాదు, అలల ప్రశ్న. నవంబర్ నుంచి మార్చి దాకా వాయవ్యం నుంచి పెద్ద అలలు వస్తాయి, అప్పుడు ట్రిప్పులు క్యాన్సిల్ అవుతాయి, కాకపోయినా మాలాగా డిసెంబర్‌లో వెళ్లి కడుపులో ఉన్నదంతా సముద్రానికి అర్పించి రావాలి. వేసవిలో దక్షిణం అలలు వస్తే కెయౌహో వైపు ఇబ్బంది. నీళ్లు చలికాలం 24 డిగ్రీలు, ఎండాకాలం 26, 27 దాకా. వినడానికి వెచ్చగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ కదలకుండా ముప్పావుగంట తేలితే పళ్లు టకటకలాడతాయి, వెట్‌సూట్ ఇస్తారా లేదా అడగండి, అద్దె అయినా తీసుకోండి. అసలు చలి తిరుగు ప్రయాణంలో తడిబట్టల మీద గాలి కొట్టినప్పుడు తెలుస్తుంది, ఎండిపోయిన స్వెట్టర్ ఒకటి, టవల్ ఇంకొకటి బోటులోనే పెట్టుకోండి.

స్లాట్ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. సూర్యాస్తమయం స్లాటు, దాని తర్వాత స్లాటు అని రెండుంటాయి. డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, జూన్‌లో ఏడు అవుతుంది, దాన్ని బట్టి టైములు మారతాయి. మొదటిదాంట్లో సన్‌సెట్ బోనస్, పిల్లలు నిద్రకి తూగరు, భయపడేవాళ్లు వెలుతురుండగానే సముద్రాన్ని చూసుకుంటారు కాబట్టి కాస్త ధైర్యం. రెండోదాంట్లో దిగేటప్పటికే కటిక చీకటి, కానీ లైట్లు అప్పటికే గంట నుంచి వెలుగుతుంటాయి, ప్లాంక్టన్ చేరి ఉంటుంది.

బోటు రకం మాత్రం చూసుకోవాలి. పెద్ద బోటు అయితే టాయిలెట్ ఉంటుంది, వేడినీళ్ల షవర్ కూడా కొన్నింట్లో ఉంటుంది, మెట్లతో దిగొచ్చు, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే కరెక్ట్. చిన్న బోట్లలో ఆరుగురే ఉంటారు, గైడ్ మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు, రేటు ఎక్కువ. రాఫ్ట్ (గాలి నింపిన అంచులున్న పడవ) లాంటివి వేగంగా పోతాయి కానీ ఎగిరెగిరి పడతాయి, నడుం నొప్పి, గర్భిణీలు అయితే దాని పేరెత్తొద్దు. కెయౌహోలో ఇంజన్ లేకుండా తెడ్లతో నడిపే ఔట్‌రిగ్గర్ పడవల (ఒరగకుండా పక్కన దుంగ కట్టినవి) టూర్లు కూడా ఉన్నాయి, స్పాట్ దగ్గరే కాబట్టి సాధ్యం. పొగ లేదు, మోత లేదు, నీళ్లలో ప్రొపెల్లర్ భయం లేదు, నాకు తెలిసినంతలో స్నార్కెల్‌కి ఇంతకంటే ప్రశాంతమైన దారి లేదు. కాకపోతే మీరూ కాస్త తెడ్డు వేయాలి.

రేట్లు సీజన్‌ని బట్టి మారతాయి కానీ స్నార్కెల్‌కి మనిషికి సుమారు 100 నుంచి 170 డాలర్లు, రెండు ట్యాంకుల డైవ్‌కి 200 పైనే, గేర్ అద్దె కలిస్తే ఇంకా పెరుగుతుంది, మీద టిప్పు. నీళ్లలో దిగకుండా బోటులో కూర్చునేవాళ్లకి తక్కువ రేటు టికెట్ ఉంటుంది, కానీ అది మాత్రం కొనకండి. బోటు మీద నుంచి చూస్తే చీకట్లో నీళ్లు, పైపులు నోట్లో పెట్టుకున్న తలలు తప్ప పెద్దగా ఏం కనపడదు, ఊగే బోటులో గంట కూర్చోవడం ఒక శిక్ష. మా అత్తయ్య గారు మొదటిసారి అదే అనుభవించారు, పాపం.

మాంటాలు రాకపోతే మళ్లీ ఫ్రీగా తీసుకెళ్తాం అని చాలామంది ఆపరేటర్లు అంటారు. నిజమే, కానీ సీటు ఖాళీ ఉంటేనే, డబ్బులు వెనక్కి ఇవ్వరు. అందుకే ఈ టూర్ ట్రిప్ చివరి రాత్రికి పెట్టుకోవడం తెలివితక్కువ పని, మొదటి రెండు రోజుల్లో పెట్టుకుంటే రాకపోయినా ఇంకో ఛాన్స్ ఉంటుంది, అలలకి క్యాన్సిల్ అయినా తిప్పుకోవచ్చు, డైవ్ వాళ్లకి ఫ్లైట్ గొడవా ఉండదు.

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తా. కళ్లజోడు వాళ్లు పవర్ ఉన్న మాస్క్ ఉందా అని ముందే అడగండి, లేదంటే కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోండి, అంత దూరం వెళ్లి మసక దుప్పటి చూసి రావడం కంటే అన్యాయం లేదు. మీసం దట్టంగా ఉంటే మాస్క్ కారుతుంది, పై పెదవి మీద కాస్త వ్యాజిలిన్ రాసుకున్నా చాలు, మా బావమరిది రెండు నిమిషాల్లో బయటికి రావడానికి సగం కారణం మాంటాలు కాదు మీసమే. రాత్రిపూట సన్‌స్క్రీన్ ఎందుకు చెప్పండి, అది నీళ్లలో కరగడం తప్ప. కెమెరా తీసుకెళ్తే ఫ్లాష్ వద్దు, మణికట్టుకి తాడు కట్టుకోండి, మొదటి పది నిమిషాలు అసలు ఆన్ చేయకండి, కళ్లతో చూడండి.

ముట్టుకోవడం గురించి కాస్త ఆగి చెప్తా. దాని ఒంటి మీద జిగురులాంటి పొర ఉంటుంది, మన చెయ్యి తగిలితే అది ఊడిపోయి ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఆడ మాంటా కడుపుతో ఏడాదికి పైగా ఉండి సాధారణంగా ఒకే ఒక్క పిల్లని కంటుంది, ప్రతి ఏడూ కనదు కూడా. అందుకే ఒక్కటి పోయినా లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. హవాయి నీళ్లలో మాంటాల్ని చంపడం, పట్టడం 2009 నుంచి చట్టప్రకారం నేరం. అది వచ్చి మిమ్మల్ని తాకితే అది దాని ఇష్టం, మీరు మాత్రం చేతులు పైపు మీదే ఉంచండి.

ఇంతకీ రెండోసారి మేం ఎలా విడగొట్టామంటే, నేను గార్డెన్ ఈల్ కోవ్‌లో డైవ్, కోనాలోనే రూమ్, కొండ ప్రోగ్రామ్ దానికి ముందే అయిపోయింది. మర్నాడు రాత్రి మా ఆవిడ, బావమరిది కెయౌహోలో తెడ్ల పడవ. వాడు ముందు రోజు హోటల్ స్విమ్మింగ్‌పూల్‌లో మాస్క్ పెట్టుకుని గంటసేపు తేలడం ప్రాక్టీస్ చేశాడు, "బావా, ఈసారి రాకపోతే నన్నడుగు" అన్నాడు, వచ్చాడు, నలభై నిమిషాలు ఉన్నాడు, మీసం ట్రిమ్ చేయించుకుని మరీ. ఈత రాకపోయినా బోర్డు పట్టుకుని తేలొచ్చు నిజమే, కానీ ముఖం నీళ్లలో పెట్టి పైపుతో ఊపిరి తీయడం ఒంటికి అలవాటవ్వాలి, ఆ అలవాటు నడి సముద్రంలో చీకట్లో చేసుకునేది కాదు, పగలు పూల్‌లోనో లోతులేని చోటో చేసుకోవాలి. అక్కడ కూడా ఆయాసం, కంగారు వస్తుంటే ఆ మనిషికి టికెట్ కొనొద్దు, బతిమాలి తీసుకెళ్లొద్దు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు.

అత్తయ్య గారికి ఏ టికెట్టూ కొనలేదు. కెయౌహోలో ఆ హోటల్ సముద్రం వైపు ఇప్పటికీ రాత్రిళ్లు నీళ్ల మీదకి లైట్లు వేస్తారు, పైన నిలబడి చూడొచ్చు. ఉత్తరాన మౌనా కేయా బీచ్ హోటల్ దగ్గర కూడా ఇలాంటి చోటు ఉంది, లైటు వేసి ఉంటుంది, రెయిలింగ్ పట్టుకుని చూడటమే. గ్యారెంటీ లేదు, దగ్గరగా కనపడవు, కానీ కడుపు తిప్పదు, ఒళ్లు తడవదు, ఖర్చు లేదు. మా వాళ్లిద్దరూ పడవెక్కి వెళ్లాక నేనూ అత్తయ్య గారూ కెయౌహో హోటల్ రెయిలింగ్ దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నాం. "రాత్రిపూట సముద్రంలో దిగడమేంటో బాబూ, చేపల మార్కెట్‌కి వెళ్తే పగలే కనిపిస్తాయిగా" అని ఒకటే సణుగుడు. నేను ఫోన్‌లో వాళ్లకి టైమ్ ఎంతయిందో చూసుకుంటున్నా, అంతలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. లైటు అంచున నీళ్ల కింద చేటంత నుంచి మొదలై పందిరంత అవుతూ ఒక నీడ తిరిగి తెల్లటి పొట్ట చూపించి పోయింది. ఆ తర్వాత పడవ వాళ్లు తిరిగొచ్చేదాకా ఆవిడ మాట్లాడలేదు, రాగానే మా ఆవిడతో అన్న మొదటి మాట "మీకంటే ముందు నేనే చూశా".